కరియ నుదుటి మీద నా చెయ్యి

ఉలవలు ఉడికే వాసన వస్తే మా ఇంట్లో అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం ఆ వాసన పడదు. మొన్న హోసూరులో మా కోడలు ఉలవచారుకు కుక్కర్ పెట్టి, ముఖం అలా పెట్టారేమత్తా అని అడిగితే, తలనొప్పి అని అబద్ధం చెప్పి పెరట్లో కూర్చున్నాను. ఒకప్పటి మా పక్కింటి మునెక్క గురించి ఆమెకు ఏమని చెప్పను? ఎక్కడ మొదలుపెట్టినా నా తప్పు దగ్గరికే వచ్చి ఆగుతుంది. అసలు చెప్పకుండా పోవడం ఇంకా పెద్ద తప్పని ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బైల్లో కెలమంగలం దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వెళ్లాను. రాగి, ఉలవ పండే మెట్ట భూమి, కొట్టం నిండా పశువులు. రెండో ఏడు నాకు ఆడపిల్ల పుట్టి పదకొండో రోజున పోయింది. ఆ నెలలోనే మా ఆవొకటి ఈని చచ్చిపోయింది. మిగిలిన కోడెదూడకు వేరే ఆవు పాలు సీసాతో పట్టే పని నాకు పడింది. నల్లగా ఉండేవాడు కాబట్టి కరియ అన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేని రోజులవి. వాడు నా వెంటే వంటింటి గడప దాకా వచ్చి తలతో నా తొడల మీద నెట్టేవాడు. నేను వాడి నుదుటి మీద అరచెయ్యి పెట్టి ఎదురు నెట్టేదాన్ని. మా వైపు ఎద్దులను పరుగు విడిచే పండుగ ఉంది. దూడ అలా నెడితే పౌరుషం ఉందని మగవాళ్లు మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను.

మునెక్క మా పక్కింటామె. భర్త లేడు. ఊరి పశువులను గుట్టకు తోలుకుపోయి మేపి, ఇళ్లవాళ్లు కొలిచిచ్చే రాగులతో ముగ్గురు పిల్లలను పెంచింది. నోరు మహా చెడ్డది, మా మామగారిని కూడా నడివీధిలో కడిగేసేది. ఒకరోజు దొడ్డిగోడ మీదుగా నన్ను చూసి పిలిచింది.

"నుదురు ముట్టొద్దు సరోజమ్మా. నీకు ఆట, వానికి కొట్లాట. నువ్వు ఒక అడుగు వెనక్కి పోతే, గెలిచినాను అనుకుంటాడు."

నాకు ఒళ్లు మండింది. ముగ్గురిని కన్న మనిషి, నాకు మిగిలిన ఒక్క ప్రాణాన్ని చూసి ఓర్వలేకపోతోంది అనుకున్నాను. ఎంత నీచంగా ఆలోచించానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండేళ్లు తిరిగేసరికి కరియకు కొమ్ములు వచ్చాయి. ఒక పొద్దున మేత వేయడానికి పోయిన మా ఆయనను గోడకు అదిమిపెట్టాడు. ఇది కాడికి పనికిరాదు, రాగి కోతలకు ముందే కటికవాళ్లకు అమ్మేస్తానన్నాడాయన. నేను పరుగున పోయి మునెక్క చేతులు పట్టుకున్నాను. చెప్పినాను కదా అని ఒక్క మాట అనలేదు. నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చింది. "రాగి కోతలయ్యేదాకా నాకు వదిలిపెట్టప్పా. అప్పటికీ కాడి కింద మెడ పెట్టకపోతే నీ ఇష్టం."

వాణ్ని తీసుకుపోయి తన రెండు ముసలి ఆవుల మధ్య కట్టింది. నెట్టబోతే అవి డొక్కలో ఒక్కటి తగిలించేవి. మనుషుల్లో పెరిగి పెద్దల భయం ఎరగడు, అది పశువులే నేర్పాలి అనేది. పొద్దున్నే ఉడికిన ఉలవల గంప పట్టుకుని వాడి ముందు నిలబడేది. తల వంచుకొని మీదికి వస్తే వెనక్కి జరిగేది కాదు. కట్టె అడ్డంగా పట్టుకుని, "నిలు" అనేది. వాడు తలెత్తి రెండడుగులు వెనక్కి వేశాకే గంప కింద పెట్టేది. కొట్టగా నేను చూడలేదు. గోకితే మెడ కింద గోకేది, నుదుటి జోలికి పోయేది కాదు. రెండు నెలలకు వాడు కట్టె లేకుండానే మాటకు ఆగాడు. దుంగ కట్టి లాగిస్తే లాగాడు. మా ఆయన కూడా వచ్చి చూసి, పర్వాలేదే అన్నాడు. మునెక్క చెప్పినట్టల్లా నేనూ చేశాను, ఆమె ఎదుట.

ఆమె పశువులతో గుట్టకెక్కాక కరియ ఒక్కడే ఆమె దొడ్డిలో ఉండేవాడు. నేను పోయేదాన్ని. నన్ను చూడగానే తల వంచేవాడు. నా చెయ్యి ఆగేది కాదు. వాడు నెట్టేవాడు, నేను వెనక్కి పోయి పడీ పడీ నవ్వేదాన్ని. నా ఒక్కదానితోనే కదా అనుకున్నాను. పొద్దున ఆమె నేర్పింది మధ్యాహ్నం నేను చెరిపేస్తున్నానని తెలియనంత వెర్రిదాన్నా? తెలుసు. తెలిసే చేశాను.

కోతలు ఇంకో వారంలో అయిపోతాయనగా, మునెక్క ఎప్పటిలాగే గంపతో నిలబడి "నిలు" అంది. వాడు ఆగలేదు. ఆమె తుంటి విరిగింది. కృష్ణగిరి ఆసుపత్రిలో నెలన్నర పడుకోబెట్టినా ఎముక సరిగా అతకలేదు. కరియను మర్నాడే బేరగాళ్లు రాయకోట దారిన తోలుకుపోయారు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఆ తర్వాత మునెక్క గుట్ట ఎక్కలేదు. ఊరి పశువులు వేరేవాళ్ల చేతికి పోయాయి. గుమ్మంలో కూర్చుని కూలికి చింతకాయలు కొట్టుకుంటూ బతికింది. రోజూ పోయి కాలికి నూనె రాసేదాన్ని. ఏడేళ్లు రాశాను, నా తప్పు మాత్రం చెప్పలేదు. ఒక సాయంత్రం ఇక పట్టలేక, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"తెలుసు," అంది. "గుట్ట మీదికి మా దొడ్డి కనపడతాదమ్మా. మూడు దినాలు చూసినాను."

"మరి నన్నెందుకు తిట్టలేదు?"

"నవ్వుతా ఉండావు. బిడ్డ పోయినాక నువ్వు నవ్వింది ఆడనే చూసినాను. ఆపేదానికి నాకు నోరు రాలేదు."

అంతమందిని కడిగేసిన నోరు అది. కాలు అక్కడ నొప్పిగా ఉంది, మెల్లగా పట్టమంది. పట్టాను.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో పిల్లలు ఏదో అని గలగలా నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది, సగంలో ఆపుకుంటాను. నానమ్మ నవ్వు రాని సిడుసిడు మనిషి అనుకుంటారు. అనుకోనీ.