జోహరాబీ కుట్టిన బుట్ట చేతుల గౌను

మా అత్త జోహరాబీ బ్రాడీపేటలో ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే బట్టలు కుడుతోంది. ముందుగదిలో సగం ఆమె కుట్టుమిషనే. అక్కడ సోఫా వేసుకోవాలని నేను కాపురానికొచ్చిన రోజు నుంచీ కాచుక్కూర్చున్నాను.

కంటికి శుక్లం ఆపరేషనయ్యాక అత్త మొదట ఒప్పుకున్న పని ఎదురింటి బిందుమాధవిది. ఆ పిల్ల వాళ్ల నాయనమ్మ చీరాల చీర తెచ్చి, ఫోనులో ఏదో పాతకాలపు ఫోటో చూపించి, కాలేజీ ఫేర్‌వెల్‌కి అలాంటి గౌను కావాలంది. బుట్ట చేతులు, గుండ్రటి కాలరు, నడుముకి అదే గుడ్డతో బెల్టు.

"ఇదేం కొత్తమ్మా? నా పెళ్లినాటికి ఊరంతా బుట్ట చేతులే," అంది అత్త. పిల్ల వెళ్లాక నాతో మెల్లగా, "షమా, ఇది కుదిరిందా సరేసరి. కుదరకపోతే నా కళ్లు ఇక ఇంతే. మిషను తీసేసి నీ సోఫా వేసుకో," అంది. అబద్ధమెందుకు, నా మనసు గంతులేసింది.

లైనింగ్ గుడ్డని కత్తిరించేముందే నానబెట్టి ఆరెయ్యాలి. లేకపోతే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుంది. ఆ పని నాకు చెప్పింది. మేడ మీద దండెం ఖాళీ లేదు. ఇంటి ఓనరువాళ్లు మిరపకాయలు ఎండబెట్టి ఎత్తేసిన పట్టా కనిపిస్తే, తడిగుడ్డ దానిమీదే పరిచి వచ్చాను. కత్తిరిస్తున్నంతసేపూ అత్త తుమ్ముతూనే ఉంది. ఎండాకాలం గుంటూర్లో తుమ్మనివాళ్లెవరు?

ఫేర్‌వెల్ ముందురోజు బిందు గౌను వేసుకుంది. అత్తే రెండు జడలల్లి, పైకి మడిచి రిబ్బన్లు కట్టింది. అద్దంలో చూసుకుని పిల్ల మురిసిపోయింది. అయిదు నిమిషాలకి మెడ రుద్దుకోవడం మొదలుపెట్టింది.

"ఆంటీ, మండుతోంది. చంకల్లో కూడా."

అత్త మొహం పాలిపోయింది. గౌను విప్పించి, సూది ఏమైనా వదిలేశానేమోనని కుట్టు కుట్టూ తడిమింది. ఏమీ దొరకలేదు. "ఏదో తప్పు కుట్టాను. నాకే కనపడటంలేదు," అని లేచి మిషను మీద దుప్పటి కప్పేసింది.

గౌను తీసి మడతపెడుతుంటే నా ముక్కుకి ఘాటు తగిలింది. పట్టా గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే సోఫా నాదే. కానీ దుప్పటి అంచులు సర్దుతున్న ఆ చేతులు చూస్తుంటే నామీద నాకే అసహ్యమేసింది.

"తప్పు నాది అత్తా. లైనింగు మిరపకాయల పట్టామీద ఆరేశాను. కారమంతా గుడ్డకి పట్టింది."

నన్ను ఉతికి ఆరేస్తుందనుకున్నాను. అత్త గౌను నా చేతిలోంచి లాక్కుని వాసన చూసింది.

"అయితే లైనింగు మారిస్తే చాలా?"

"చాలు."

"కుట్టు సరిగ్గానే పడిందా?"

"ఒక్క పోగు కూడా పక్కకి పోలేదత్తా."

ముప్పై ఏళ్లుగా ఎవరి మాటా పడని మనిషి, ఎదురింటి పిల్ల చూస్తోందన్న ధ్యాస కూడా లేకుండా, ఆ గౌనులోనే మొహం దాచుకుని ఏడ్చేసింది.