చిన్నమ్మ నమ్మిన సాక్ష్యం

డాక్టరు చెప్పింది ఎవరికైనా అర్థమయ్యే మాటే. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు సరిగా అందడం లేదు, అందుకే నాడి నిమిషానికి నలభై దగ్గరే ఆగుతోంది, పేస్‌మేకర్ పెట్టించుకోవడం మంచిది అన్నాడు. నాకు మాత్రం అంత జబ్బుగా అనిపించలేదు. మెట్లెక్కితే ఆయాసం, గబుక్కున లేస్తే ఎప్పుడైనా కళ్లు చీకట్లు కమ్మడం, అంతే. అరవై రెండేళ్ల మనిషికి ఆమాత్రం ఉండదా? ముప్పై ఏళ్లు బడిలో పిల్లల మీద అరిచినదాన్ని, అలసట రాకుండా ఎట్లా ఉంటుంది అనుకున్నాను. ఆలోచించుకొని వస్తామని చెప్పి నేనూ మా ఆయనా నంద్యాలలో మా ఇంటికి వచ్చేశాం. నిజానికి నేను ఆలోచించిందేమీ లేదు. కోత అంటే భయం. ఆ భయానికే ఆలోచన అని పేరు పెట్టుకున్నాను.

నెల గడిచింది. ఏమీ కాలేదు. ఆ ఆదివారం ఆళ్లగడ్డలో మా పుట్టింటివాళ్ల చర్చికి వెళ్లాం. ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరే లేచి చెబుతారు. మైకు కనిపిస్తే ఊరుకునే అలవాటు నాకు మొదటినుంచీ లేదు. లేచాను. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకోమని డాక్టరు అన్నాడనీ, నేను ప్రార్థన మీదే ఆనుకున్నాననీ, నెల దాటినా నాకేమీ కాలేదనీ చెప్పాను. అందులో పచ్చి అబద్ధమేమీ లేదు. మళ్లీ పరీక్ష చేయించుకోలేదన్న ముక్క మాత్రం మింగేశాను. అందరూ హల్లెలూయ అన్నారు. ఇంటికి వచ్చేదాకా నాకు ఒళ్లంతా తేలిగ్గా ఉండింది.

రెండు రోజులకు చిన్నమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ చెల్లెలు, ఆళ్లగడ్డలోనే ఉంటుంది. డెబ్బై దాటినా రోజుకు ఒక రవికె అయినా కుట్టనిదే ఆమెకు పొద్దుపోదు. ఆమెకూ నా జబ్బే. నంద్యాల ఆసుపత్రిలో పేస్‌మేకర్‌కు తేదీ కూడా ఇచ్చారు. నా సాక్ష్యం విన్నాక ఆ తేదీ వద్దనుకున్నానని చెప్పింది.

"నీకు చేసిన దేవుడు నాకు చేయడా పాపా?" అంది.

నేను అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. "ప్రార్థన చెయ్యి చిన్నమ్మా" అన్నాను. నా జన్మలో నేను ఆడిన మాటలన్నిటిలో అంతకంటే నీచమైనది లేదు.

మూడు వారాల తర్వాత పోపు వేస్తూ వంటింట్లోనే పడిపోయాను. తెలివి వచ్చేసరికి నా తల మా ఆయన ఒళ్లో ఉంది, పోపు మాడిన వాసన వస్తోంది. మరునాడే ఆసుపత్రిలో చేరాను. ఎడమ భుజానికి కాస్త కింద చిన్న కోత కోసి పేస్‌మేకర్ పెట్టారు, గంటన్నర పని. ఇంతదానికా ఇన్నాళ్లు వణికాను అని సిగ్గేసింది. ఆళ్లగడ్డలో ఎవరికీ చెప్పొద్దని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఆయన ఒట్టు వేసి, చర్చిలో ఒక మాటా ఆసుపత్రిలో ఒక మాటా అని అడిగాడు.

చిన్నమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నానని చెప్పేదాన్ని. నిజంగానే బాగున్నాను, మెట్లెక్కినా ఆయాసం లేదు. ఆమె దానికీ దేవునికి స్తోత్రం చెప్పేది. కోత నొప్పి రెండు వారాల్లో తగ్గింది గానీ ఆ స్తోత్రాలు గుచ్చుకోవడం తగ్గలేదు. అయినా నోరు విప్పలేదు.

ఇంకో రెండు నెలలకు, ఆమె కొళాయి దగ్గర పడి కుడిచేయి విరగ్గొట్టుకుందని తెలిసింది. కాలు జారిందని అందరికీ చెబుతోందట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని బడిలో ఎంతమందికి చెప్పి ఉంటానో. ఆ రోజే బస్సెక్కాను. ఎట్లా మొదలుపెట్టాలో దారిలో శిరివెళ్ల దాటేదాకా లోలోపల వల్లె వేసుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చున్నాక ఒక్క మాటా గుర్తు రాలేదు. చేతికి సిమెంటు కట్టు, కుట్టుమిషను మీద సగంలో ఆగిన రవికె. పైట పక్కకు తీసి కోత మచ్చ చూపించాను. ఎప్పుడు పెట్టించుకున్నానో, ఎందుకు దాచానో అంతా చెప్పాను. నాది విశ్వాసం కాదు, ఉత్త భయం అని కూడా చెప్పాను.

చిన్నమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తన కాలు జారలేదనీ, కళ్లు చీకట్లు కమ్మి పడ్డాననీ, అట్లా పడడం అది మూడోసారనీ మెల్లగా ఒప్పుకుంది. అప్పటికప్పుడు నాతో నంద్యాలకు రమ్మని చేతులు పట్టుకొని బతిమాలాను. రానంది.

"యాడికి పోయినా నీ సాక్ష్యమే చెప్తాంటి. నాకూ అట్లే నయమైతాదని చెప్తాంటి. ఇప్పుడు పోయి కోయించుకుంటే ముసల్దానికి నమ్మకం చాల్లేదంటారు. నీకేం, నీది పైట కింద ఉండాది."

మరి నన్నేం చేయమంటావని అడిగాను.

"అది అందరి ముందర చెప్పినావు కదా. ఇదీ అందరి ముందర చెప్పు."

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. పూటకోసారి ఫోన్ చేసేదాన్ని. ఆమె ఎత్తడం ఆలస్యమైతే ఎత్తేదాకా చేస్తూనే ఉండేదాన్ని. పాస్టరుగారికి ముందే సంగతి చెప్పాను. తాను ఏనాడూ ఎవరినీ వైద్యం మానుకోమనలేదని ఆయన నొచ్చుకున్నాడు. అయినా సమయం ఇస్తానన్నాడు.

ఆదివారం మళ్లీ ఆ మైకు పట్టుకున్నాను. పేస్‌మేకర్ పెట్టించుకున్నాననీ, దాన్ని మీ అందరి దగ్గరా దాచాననీ, నా పిరికితనానికి దేవుని పేరు అడ్డం పెట్టుకున్నాననీ చెప్పాను. నన్ను నమ్మి ఎవరైనా వైద్యం మానుకొని ఉంటే ఆ పాపం నాదే అన్నాను. చిన్నమ్మ ప్రస్తావన తేలేదు. తేనక్కర లేకపోయింది, సగం మంది ఆమె కట్టు వైపే చూస్తున్నారు. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. వెనక ఆడవాళ్లలో ఎవరో ఏదో గొణిగారు. మైకు ఎవరికివ్వాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

ముందు వరసలో చాప మీద నుంచి చిన్నమ్మ లేచింది. బాగున్న చేత్తో బైబిలు సంచి భుజానికి తగిలించుకొని నా దగ్గరికి వచ్చింది. మంచి పని చేశావని గానీ, క్షమించానని గానీ అనలేదు. నా ముఖం వైపు కూడా చూడలేదు.

"నంద్యాల బస్సు ఎన్నింటికుండాది?" అని అడిగింది.