207 మీద తువ్వాలు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నవ్వేసి టీకి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ ఎనభైల చివర్లో ఆత్మకూరులో జరిగిన ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం లేచిపోలేను.

అప్పుడు నేను ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఒకటే మిషను, దానికి నాలుగు తెరలు. వాడే ప్రతి మనిషికీ మిషన్లో ఒక నంబరు ఇవ్వాలి. ఫైలు ఎవరిదో మిషను గుర్తుపట్టేది ఆ నంబరుతోనే. వంద లోపువి మిషను సొంతం, ముట్టుకోకూడదు. వంద నుంచి ఆత్మకూరు పిల్లలకు. రెండు వందల ఒకటి నుంచి ఉదయగిరి బ్యాచికని అట్టిపెట్టాను. కిటికీలోంచి తువ్వాలు వేసి బస్సులో సీటు ఆపుకోవడం మా వైపు అందరికీ వచ్చిన విద్యే కదా, ఇదీ అలాంటిదే.

ఆ బ్యాచి మొదలుకాకముందే ఉదయగిరి నుంచి షమీమ్ వచ్చి చేరింది. వాళ్ళ నాన్న చెక్క గరిటెలు చేసేవాడు. మా కోర్సు పరీక్ష పాసైతేనే పై చదువు, లేకుంటే ఇంట్లో కూర్చోవాలని ఆయన షరతు. మానేసిన ఒక కుర్రాడి నంబరు 112 ఖాళీగా ఉంటే, అందులోనే చేసుకోమన్నాను. పరీక్షలో చూపించాల్సిన పనంతా మూడు నెలలు అందులోనే చేసింది.

పరీక్షకు ముందు శనివారం మిషను శుభ్రం చేస్తూ, మానేసినవాడిదే కదా అని 112ను ఫైళ్ళతో సహా తీసిపారేశాను. షమీమ్ గుర్తే రాలేదు. కాపీ కూడా లేదు. మిషను ఆపి, సెంటరుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని కలిగిరిలో మా బావమరిది పెళ్ళికి పోయాను. ఆదివారమంతా అక్కడే.

సోమవారం ఉదయగిరి పిల్లలు ఆరుగురు మొదటి బస్సుకే దిగారు. వచ్చిన వరుసలో 201 నుంచి 206 దాకా ఇచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది షమీమ్. ఆ పిల్ల చదువు నా చేతులతో నేనే ఆపేశాను!

ఆమె మొదటి బస్సు అందక రెండో బస్సుకు వచ్చింది. చెప్పడానికి నోరు రాక, ముందు ఆమె పేరు మీద 207 తెరిచి ఇచ్చాను. తెర నిండా ఫైళ్ళు. అన్నీ ఆమెవే.

"ఏంది సార్, అట్టా చెమటలు పోసినాయి మీకు? అన్నీ ఉండాయి గదా!"

ప్రతి ఫైలుకూ 207 అనే ఉంది. తేదీ ఆదివారం, అంటే మిషను ఆపి తాళం వేసి ఉన్న రోజు, ఆమెకు 207 వస్తుందని నాకే తెలియని రోజు. షమీమ్ మొదటి బస్సు ఎక్కి ఉంటే ఆ నంబరు ఇంకొకరిది అయ్యేది.

నిజం చెప్పేశాను. "తీసేసింది మీరు సరే, మళ్ళా పెట్టింది ఎవురు సార్?" అని పడీపడీ నవ్వింది. నేనూ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను.

షమీమ్ పాసైంది. వాళ్ళ నాన్న గరిటెల కట్టతో బస్సు దిగి, "ఇంక మా బిడ్డని ఆపేదే లేదు సారూ" అన్నాడు. అందులో ఒక గరిటె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది.

తెలిసినవాళ్ళను అడిగితే, నువ్వే చేసి మర్చిపోయుంటావు అంటారు. తీసేసింది నేనేనని ఎక్కడైనా ఒప్పుకుంటాను. ఆ పిల్ల కోసం 207 మీద తువ్వాలు వేసింది మాత్రం నేను కాదు.