గడ్డిచామంతి, నాచు, పోలికల సారు

పోలికల సారుకి లోకంలో ఏదీ ఒంటరిగా కనబడదు. చేతికి గొడుగిస్తే, పక్కన చెప్పు పెట్టి రెంటికీ తేడాలు మొదలెడతారు. వృక్షశాస్త్రం చెప్పే ఆ పెద్దమనిషి అసలు పేరు కాలేజీలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు.

భార్య ఫోన్ చేసి, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, "నిన్నటి కూరతో పోలిస్తే ఎక్కువ, మొన్నటి దాంతో పోలిస్తే తక్కువ, పక్కింటావిడ కూరతో పోలిస్తే..." అనేసరికి ఫోన్ కట్టయ్యేది. ప్రిన్సిపల్‌ని ఆయన కుర్చీతో పోల్చి, "కుర్చీ అయితే తొమ్మిదింటికల్లా గదిలో ఉంటుంది" అని మొహం మీదే అన్న ఘనుడు.

అలాంటి మహానుభావుడి ల్యాబ్‌లో అటెండరుగా వచ్చి పడింది ఒకావిడ. పన్నెండేళ్ళుగా సీసాలు కడుగుతోంది. ఎలాగైనా ల్యాబ్ అసిస్టెంట్ కావాలని ఆశ. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కేది గానీ, ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగేసరికి నోరు పెగిలేది కాదు. రెండుసార్లు తప్పింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఈ మూడోసారే ఆఖరు.

పొద్దున్నే ఆవిడ చీపురు పట్టుకోగానే, సారు కిటికీలోని గడ్డిచామంతి కుండీనీ, నాచు పెంచే గాజుసీసానీ పక్కపక్కన పెట్టేవారు.

"ఏమ్మా, ఈ రెంటికీ తేడా ఏంటి?"

"అది మొక్క, ఇది జారుడు. నిన్న కాస్త ఒలికితే జారిపడ్డాను, నడుం విరిగింది సార్!"

"భేష్! ఒకటయింది. రేపు ఇంకోటి చెప్పు."

రేపు, ఎల్లుండి, అలా ఏడాది గడిచింది.

"చామంతికి వేరుంది, నాచుకి లేదు."

"మరి నాచు నీళ్ళెలా తాగుతుంది?"

"నీళ్ళలోనే పడుండేదానికి వేరెందుకు సార్? ఒళ్ళంతా తాగుతుంది!"

"నా ఖర్మ కాకపోతే, పూలమొక్కకీ నాచుకీ తేడా ఎవరికి తెలీదు?" అని ఇంటికెళ్ళి మొగుడి దగ్గర మొత్తుకునేది. "పోనీలే, మనింట్లో అడిగినా నువ్వింత మాట్లాడవు" అనేవాడాయన.

పరీక్ష రోజు రానే వచ్చింది. ముగ్గురు పరీక్షకుల మధ్య కూర్చున్న, సారుని బాగా ఎరిగిన కళ్ళజోడావిడ, "వేరు చేసే పనేంటి?" అంది. ఈసారీ పోయిందని మన అటెండరు అనుకుంటుండగా, ఆ దిక్కుమాలిన సీసా కళ్ళముందు మెదిలింది.

"నాచుతో పోలిస్తే..." అంది. అంతే, ఇక ఆగితేనా! కణం గురించి అడిగితే నాచు పోగు, పువ్వు గురించి అడిగితే గడ్డిచామంతి. "చూడ్డానికి ఒక్క పువ్వేనండీ, లోపల బోలెడు చిట్టిపూల కాపురం!" విత్తనాలెలా వ్యాపిస్తాయంటే, "చామంతి విత్తనం దూదిగొడుగేసుకుని గాల్లో పోతుందండీ. నాచుకి ఆ బాధే లేదు, తెగిన ముక్కే ఇంకో నాచు!"

"చాలు తల్లీ, చాలు! మీ సారు జబ్బు మీకూ అంటుకుంది" అని కళ్ళజోడావిడ నవ్వాపుకోలేక మార్కులు వేసేసింది.

పాసైనట్టు కాగితం అంటించిన రోజు, సారుకి టీ ఇద్దామని కప్పు కోసం ఆయన సొరుగు తెరిచింది. అందులో తన పరీక్ష సిలబస్ కనబడింది. ఒక్కో అంశం పక్కన పెన్సిల్‌తో తేదీ, ఆ రోజు తను చెప్పిన తేడా. 'జారుడు, నడుం' దగ్గర్నుంచి మొదలై, ఒక్క అంశమూ వదల్లేదు. తన చేత పాఠమంతా మాట్లాడించారని అప్పుడర్థమైంది. ఆవిడ గుండె నిండిపోయింది.

ఇంతలో సారు లోపలికొచ్చి, "అది... మతిమరుపుకి రాసుకున్నాలే" అని గబుక్కున కాగితం లాక్కున్నారు.

"ఏడాదంతా తేడాలే అడిగారు. పోలిక అడగలేదేం సార్?"

"ఏదీ, చెప్పు చూద్దాం."

"రెండూ ఎండలో నిలబడి, ఎవరి అన్నం అవి వండుకుంటాయి. నాలాగే."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు.

"ఈ ఒక్క పూటకీ పోల్చకుండా తాగండి సార్" అని టీ అందించింది.

బుద్ధిగా రెండు గుక్కలు తాగారు. మూడో గుక్కకి ఆగలేకపోయారు.

"నిన్న అటెండరు పెట్టిన టీతో పోలిస్తే, ఇవాళ అసిస్టెంటు పెట్టిన టీ..."

"ఊఁ?"

"చక్కెర తక్కువ."