నేను రాసిన అర్థంలేని నాలుగు పేరాలు

మా నారాయణఖేడ్‌లో ఒక కాలేజీ హాల్లో మూడు రోజులు చిత్ర ప్రదర్శన పెడుతున్నారని, దగ్గరుండి చూసుకోమని హెడ్మాస్టర్ చెప్పినప్పుడు సంతోషించాను. ఏళ్ల తరబడి పిల్లలకు కుండ, మామిడికాయ, జెండా గీయడం నేర్పుతున్న డ్రాయింగ్ టీచర్ని. గోడ మీద కొత్త బొమ్మ చూడాలని నాకూ ఉంటుంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కళావిమర్శకుడు పెన్‌డ్రైవ్‌లో ఇరవై బొమ్మలు తెచ్చాడు. వాటిని కంప్యూటర్ గీసిందట. ఆయన నాలుగు మాటలు టైపు చేస్తే అది రంగులు పులిమి ఇచ్చిందట. ఏ ఆకారమూ లేదు. దాంతో నాకు పేచీ లేదు, కొన్నింట్లో రంగులు బాగానే ఉన్నాయి. పేచీ అంతా కింద అతికించిన కాగితాలతోనే. "శూన్యం తన గర్భంలో తానే శయనించే వేళ..." అని మొదలైంది ఒకటి. చదివేసరికి తలనొప్పి వచ్చింది.

ఆ బొమ్మల్ని ప్రింటు తీసింది బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు నడిపే ముస్లిం పెద్దాయన. మొదటిరోజు పొద్దున ఆయనే నిచ్చెనెక్కి అన్నీ తగిలించి, దిగి, ఏడో బొమ్మ ముందు గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

"మేడం, తప్పనుకోకున్రి. నా మిషన్ జామైతే గిట్లనే వస్తది. గసుంటియి చింపి పారేస్త నేను."

విమర్శకుడు విన్నాడు. "చూశారా! యంత్రపు వైఫల్యాన్ని ఒక శ్రామికుడు సహజంగా పసిగట్టాడు. ఇదే పతనపు సౌందర్యశాస్త్రం!"

పెద్దాయన నా దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు. "తిడుతుండా మేడం?"

"లేదు, మెచ్చుకుంటుండు."

నమ్మకం కుదరని మొహంతో నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నాగల్‌గిద్ద నుంచి కందులమ్ముకోవడానికి వచ్చిన భార్యాభర్తలు, తలుపు తెరిచి ఉందని లోపలికి వచ్చారు. "గిది ఏంది మేడం, మొగులా?" అని అడిగిందామె. అవును, మబ్బులాగే ఉందని నేను అనబోతుంటే విమర్శకుడు అడ్డొచ్చాడు. "పోలికలు వెతకడం బానిస చూపమ్మా!"

"మరేం సూడాలె?"

ఆయన పది నిమిషాలు చెప్పాడు. "ఇగ నడువు, బస్సు పోతది," అన్నాడు ఆమె భర్త. వాళ్లకు బస్సుంది. నేను సాయంత్రం దాకా వినాలి.

రెండో రోజుకు నా ఓపిక అయిపోయింది. అభిప్రాయాల పుస్తకం ఖాళీగా కనిపిస్తే, కసికొద్దీ పెన్ను తీశాను. "ఏడవ చిత్రంలో నీలం తనను తాను నిరాకరిస్తూ పసుపు లేమిని విచారిస్తుంది. ఎడమ మూల ఖాళీగా లేదు. ఖాళీయే వచ్చి అక్కడ కూర్చుంది. యంత్రం ఇక్కడ మౌనంగా దగ్గింది. ఆ దగ్గులో నాగరికతకు పట్టిన జలుబు వినిపిస్తుంది." ఇలా నాలుగు పేరాలు. ఒక్క వాక్యానికీ అర్థం లేదు. పేరు పెట్టకుండా మూసేసి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చివరిరోజు సభలో విమర్శకుడు దాన్ని మైకులో చదివాడు. ఒక్కో వాక్యాన్ని రెండేసి సార్లు చదివాడు. ఎవరు రాశారని అడిగితే, నా చేతిరాత తెలిసిన హెడ్మాస్టర్ గర్వంగా నన్ను చూపించాడు. లేచి నిజం చెప్పాను.

"సార్, అది వెక్కిరించడానికి రాశాను. దానికి అర్థం లేదు."

"రచయితే అర్థాన్ని త్యజించడం! ఇంతకన్నా వినయం ఉంటుందా?" అన్నాడు విమర్శకుడు. చప్పట్లు మోగాయి. నాకు శాలువా కప్పి, దీన్ని పుస్తకంలో వేస్తామన్నారు.

ఇంటికొచ్చాక నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. అంతకుముందు బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర బోనాలెత్తుకున్న ఆడవాళ్లను నీటిరంగుల్లో వేసి, దాని గురించి నాలుగు లైన్లు రాయడానికి వారం రోజులు తంటాలు పడ్డాను. వాటిని ఎవరూ చదవలేదు. ఈ చెత్త రాయడానికి నాకు ఒక పీరియడంత సేపు కూడా పట్టలేదు.

నెల తర్వాత ఆ బొమ్మల పుస్తకం వచ్చింది. ముందుమాటగా నా నాలుగు పేరాలే, కింద నా పేరు. జహీరాబాద్‌లో ఆవిష్కరణకు వచ్చి మాట్లాడమని విమర్శకుడు ఫోన్ చేశాడు. రానన్నాను. "ఆ నిరాకరణే మీ శైలి," అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఆయన హెడ్మాస్టర్‌కు చేశాడు.

"ఓడీ ఇస్తున్న, నీ సెలవు పోదు, పోయి రా మేడం. స్కూలుకు పేరొస్తది," అన్నాడు హెడ్మాస్టర్. ఇక తప్పలేదు.

అక్కడ ఒక డిగ్రీ అమ్మాయి పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "మేడం, గిది మీరే రాసిన్రా? నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. నాకే తెలివి లేదేమో అనుకున్న."

అప్పటిదాకా విమర్శకుడి మీదున్న కోపం నా మీదికి తిరిగింది.

"నీ తప్పు లేదు బిడ్డా. గా రాతల అర్థమేం లేదు. కోపమొచ్చి రాసిన."

"మరి అచ్చెందుకు ఏపిచ్చిన్రు?"

"నేను ఏపియ్యలే. వద్దని గట్టిగ చెప్పలే, గంతే."

మైకు ఇచ్చినప్పుడు రెండే మాటలు చెప్పాను. "రెండో బొమ్మలో ఎరుపు నాకు నచ్చింది. మిగతావి నచ్చలేదు." వచ్చి కూర్చున్నాను. చప్పట్లు కొట్టింది ఆ అమ్మాయొక్కతే. ఆ రోజు తర్వాత విమర్శకుడు నాకు ఫోన్ చేయలేదు.