పందుల జ్వరం అన్నది నేనే

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే ఇప్పుడు చాలామందిని తిట్టబోతున్నాను. అందరినీ తిట్టి తనను మాత్రం వదిలేసుకుందని రేపు ఎవరూ అనకూడదు.

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు వెళ్లే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఓ ఊళ్లో నర్సుగా పనిచేసేదాన్ని. ఒక గది, ఒక బల్ల, టీకాల డబ్బా, అదే నా ఆసుపత్రి. మాది కోస్తా. మా ఆయనకు జీడిమెట్లలో ఉద్యోగమని ఇటు వచ్చి, మేడ్చల్ దగ్గర కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. రోజూ షేర్ ఆటోలో పోయి వచ్చేదాన్ని. ఊళ్లో ఆడవాళ్లు నా మాట విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. "గా నర్సమ్మ మాట్లాడితే పేపరు సదివినట్టే ఉంటది" అనేవాళ్లు. పేపరు చదివినట్టు మాట్లాడకూడదని నేను పడిన తాపత్రయమే కొంప ముంచింది.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది వానాకాలం. పైనుంచి మాకో కాగితం వచ్చింది. అందులో 'శ్వాసకోశ మర్యాదలు పాటించవలెను' అని రాసి ఉంది. దగ్గుకు మర్యాదేమిటి, నా మొహం! ఆ ముక్క రాసినవాడు జన్మలో షేర్ ఆటో ఎక్కి ఉండడు. పన్నెండు మంది ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పోయేచోట ఎవరికి మర్యాద చేస్తాం? మా డాక్టరుగారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పమ్మా" అని చేతులు దులుపుకున్నారు.

ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసే పెద్దాయన్ని పిలిపించాను. ఆయన రెండుసార్లు ప్రయత్నించి, "సైనుఫులు... ఏందమ్మా గిది, నోరు తిరుగుతలేదు" అన్నాడు. "పోనీ, పందుల జ్వరం అనండి" అన్నాను. ఎంత సులువుగా అన్నానో! ఆ తర్వాత అసలు సంగతులు చెప్పాను. దగ్గొస్తే మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, జ్వరమొచ్చినవాళ్లు ఇల్లు కదలకూడదు, కడుపుతో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండి ఏమాత్రం ఒళ్లు వెచ్చబడ్డా నా దగ్గరికి రావాలి. అన్నీ ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. మొదటి సందులో అంతా సరిగ్గానే చెప్పాడు. కానీ 'పందుల జ్వరం' అనగానే జనం గోలగోలగా ప్రశ్నలు వేస్తుంటే మిగతాది ఎవరు వింటారు? మూడో సందుకు వచ్చేసరికి ఆయనా విసుగెత్తి, "ఇనుండ్రి ఇనుండ్రి! ఊరికి పందుల జ్వరమొస్తాందట, అందరు పైలం!" అని డప్పు మీద రెండు దెబ్బలు వేసి ఊరుకున్నాడు.

ఆ ఊళ్లో పందులు పెంచే ఇల్లు ఒక్కటే. ఊరి చివర, కాలువ గట్టు మీద. ఇల్లంటే రేకుల గుడిసె. ఓ అవ్వ, ఆమె కోడలు. కొడుకు లారీ మీద క్లీనరుగా పోయి నెలకోసారి వచ్చేవాడు. ఆ కోడలికి అప్పుడు ఏడో నెల. ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే ఆ పిల్ల అంటే నాకు ప్రాణం. వారం వారం చూసేదాన్ని, ఇనుము మాత్రలు నా ఎదురుగానే మింగించేదాన్ని. "ఈసారన్న పిల్లను సంకనేసుకుంటనా అమ్మా?" అని అవ్వ ప్రతిసారీ అడిగేది. "ఎందుకు వేసుకోవు? నేను లేనూ?" అనేదాన్ని. నేను ఉన్నాను, అవును!

చాటింపు వేసిన మర్నాడు పొద్దున్నే కర్రలు పట్టుకుని యాభై మంది ఆ గుడిసె మీదికి పోయారు. ముందు నడిచింది పటేలు. కాలువ పక్క పొలమంతా ఆయనదే. దాన్ని ప్లాట్లు చేసి తెల్లరాళ్లు పాతి రెండేళ్లయింది. ప్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు పందుల వాసనకు ముక్కు మూసుకుని పోతున్నారని ఆయన ఏడుపు. రెండేళ్లుగా చేతకానిది నా ఒక్క మాటతో అయిపోయింది. అటు మా కాలనీలోనూ పందులను తోలేయమని అర్జీ రాశారు. మెడలో కర్పూరం, యాలకులు మూటగట్టి వేలాడదీసుకున్న ఒక పెద్దమనిషి ఆ అర్జీ మా ఇంటికి తెచ్చాడు. గుమ్మంలో నిలబడి అరచేతిలోకి గట్టిగా తుమ్మి, అదే చేత్తో నాకు పెన్ను అందించాడు. "సంతకం పెట్టండి మేడమ్, అందరి ఆరోగ్యం కోసం!" ఆ పెన్ను తీసి వీధిలోకి విసిరేశాను. అప్పటినుంచీ ఆ ఇంటివాళ్లు నాతో మాట్లాడలేదు. మహా ఉపకారం చేశారు.

గుడిసె దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "ఇది పందుల వల్ల రాదు. మనిషి దగ్గితే పక్క మనిషికి వస్తుంది" అన్నాను.

పటేలు నవ్వాడు. "పందుల జ్వరమని సాటింపు ఏయించింది నువ్వే గదమ్మా. ఇగ గిప్పుడు పందులతోని కాదంటవ్. ఏంది, మమ్ముల పరేషాన్ జేస్తున్నవ్?"

జనం గొల్లుమన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది, అంతే. పందులను లారీ ఎక్కించి ఎటో తోలేశారు. నేలంతా బ్లీచింగ్ పొడి చల్లారు. ఊరికి పట్టిన పీడ పోయిందని అందరూ కల్లు కాంపౌండుకు పోయి ఒకరి గ్లాసులో ఒకరు తాగారు. చేతులు కడుక్కున్నవాడు ఒక్కడు లేడు.

పందులు పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైంది. కోడలు పటేలు ఇంట్లోనే అంట్లు తోమే పనికి కుదిరింది. ఏడు నెలల కడుపుతో! అదేదో దానం చేసినట్టు పటేలు ఊరంతా చెప్పుకున్నాడు.

పదిహేను రోజులు తిరక్కుండానే పూనా నుంచి పటేలు అల్లుడు వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే జ్వరంతో మంచమెక్కాడు. అప్పటికి స్వైన్ ఫ్లూ చావులతో పూనా పేరు రోజూ టీవీలో వస్తోంది. సంగతి తెలిసి పరుగున పోయాను. పటేలు నీలగిరి తైలం పోసిన చేతిరుమాలు మూతికి కట్టుకుని గడపలో నిలబడ్డాడు. "పట్నం తీసుకుపోయి పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఆయన్ని వేరే గదిలో ఉంచండి. కడుపుతో ఉన్న పిల్లను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి" అన్నాను.

ఆయన మాట్లాడ్డానికి రుమాలు కిందికి లాగాడు. "మా ఇంట్ల పందులున్నయా ఏంది, పందుల జ్వరమొచ్చేందుకు? గిది ఒట్టి సర్ది. నువ్వు పో అమ్మా." రుమాలు మళ్లీ పైకి లాక్కున్నాడు.

పెరట్లో నల్లా దగ్గర ఆ పిల్ల అల్లుడుగారు ఉమ్మిన గిన్నె కడుగుతోంది. "లే, ఇంటికి పో" అన్నాను. "మానేస్తే పటేలమ్మ మళ్ల రానియ్యదమ్మా" అంది, నవ్వుతూనే. చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోవాల్సింది. పోలేదు. ఆ రోజు టీకాల రోజు, నా గది ముందు పిల్లతల్లులు బారులు తీరి ఉన్నారు. అవతలివాళ్లకే కాదు, నాకూ సాకులకు తక్కువేమీ లేదు.

తర్వాత వారం ఆ పిల్ల పరీక్షకు రాలేదు. గుడిసెకు పోతే తలుపు వేసి ఉంది. అవ్వ తలుపుకు అడ్డంగా కూర్చుని, "కోడలు తల్లిగారింటికి పోయింది" అంది. ఆమె మాట పూర్తి కాకముందే లోపలినుంచి దగ్గు వినిపించింది. అవ్వను పక్కకు నెట్టి లోపలికి పోయాను. పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని నోటితో ఊపిరి తీస్తోంది. పెదవులు నల్లబడ్డాయి.

"ఎన్ని రోజులైంది?"

"నాలుగొద్దులు."

"నాలుగు రోజులా! నాకెందుకు చెప్పలేదు? నేను చచ్చాననుకున్నావా?" అని అరిచాను.

అవ్వ నా కాళ్లు పట్టుకుంది. "జ్వరమని తెలిస్తే మమ్ముల గూడ లారీ ఎక్కిస్తరని భయమైందమ్మా." తల పైకెత్తింది. "మా దగ్గర పందుల్లేవ్ గదమ్మా ఇగ. మరి జ్వరమెట్లొచ్చె?"

అంబులెన్సులో పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మూడో రోజు కడుపులో బిడ్డ పోయింది. ఆ సాయంత్రమే తల్లీ పోయింది. పటేలు అల్లుడు అప్పటికే కోలుకుని, కారులో పూనా వెళ్లిపోయాడు.

దినాలు కూడా కాకముందే పటేలు మళ్లీ మొదలుపెట్టాడు. పందుల రోగం ఇంకా ఆ గుడిసెలోనే ఉంది, దాన్ని పీకేయాలి అంటున్నాడట. ఇక నావల్ల కాలేదు. చాటింపు పెద్దాయన దగ్గరికి పోయి, "ఆ డప్పు ఇటివ్వండి" అన్నాను. ఆయన ఇవ్వలేదు. "నేను కొడ్త, నువ్వు సెప్పమ్మా" అని నా వెంట నడిచాడు. సందు సందునా నిలబడి గొంతు చించుకున్నాను. ఇది పందుల జ్వరం కాదు, ఆ మాట తప్పు, ఆ తప్పు నాది. ఇది మనిషి దగ్గుతో మనిషికి వచ్చే జ్వరం. పటేలు ఇంట్లో జ్వరపడ్డ మనిషి ఉన్నాడని తెలిసీ ఆ పిల్ల చేత గిన్నెలు కడిగించారు. ఇలా ప్రతి సందులోనూ చెప్పాను. పటేలు గేటు ముందు రెండుసార్లు చెప్పాను. జనం గుడ్లప్పగించి చూశారు. ఫిర్యాదు పోయింది, డాక్టరుగారు పిలిచి చీవాట్లు పెట్టారు, నెల తిరక్కుండా నన్ను వేరే ఊరికి మార్చారు. మార్చుకోనీ!

చాటింపు చివరికి కాలువ గట్టు దగ్గర ముగిసింది. అక్కడ ఒక్క గుడిసే ఉంది, ఒక్క మనిషే ఉంది. అవ్వ తలుపు దగ్గర నిలబడి మొత్తం వింది. డప్పు ఆగాక దగ్గరికి వచ్చింది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను.

"మంచిగ సెప్పినవమ్మా, మస్తు అర్థమైంది" అంది. "గిదే మాట గప్పుడే సెప్పకపోతివి."