ఊపిరి మేడమ్ సిగరెట్

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఊపిరి మేడమ్ అంటారు. ఎక్స్‌రే గదిలో పొద్దస్తమానం "ఊపిరి గట్టిగా పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి" అనడమే ఆమె ఉద్యోగం. అందరి ఊపిరితిత్తులూ చూసే ఆ మనిషే మధ్యాహ్నం జనరేటర్ గది వెనక్కి వెళ్ళి సిగరెట్ ముట్టిస్తుంది. నర్సులు "చెప్పేవి శ్రీరంగనీతులు" అని సగం సామెత అని ఊరుకుంటారు. మిగతా సగం అందరికీ తెలుసు.

పెద్ద డాక్టర్ రోగులకు క్లాసు పీకేటప్పుడు, చదువు లేకపోవడం వల్లే ఈ పొగ అలవాటు అంటాడు. ఇంట్లో అమ్మేమో చదువు ఎక్కువై ఈ పొగ అంటుంది. రెండు డిగ్రీలున్న ఊపిరి మేడమ్‌కు ఆ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టి రావాలనిపిస్తుంది. అసలు కారణం ఇద్దరికీ తెలియదు మరి.

కారణం పెళ్ళి సంబంధాలు. మొదటి సంబంధం వద్దన్నప్పుడు, ఎందుకు వద్దని ఇల్లంతా మీద పడింది. బయటికి చెప్పగలిగే కారణమైతే చెప్పేదే. ఆ కారణం ఏడో తరగతితో బడి మానేసి మిషన్ కుట్టుకుంటున్న టైలరమ్మ. ఇద్దరూ ఒకే వాటాలో అద్దెకుంటారు, ఖర్చు కలిసొస్తుందని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ముందు గదిలో రెండో మంచం చూసిపోయేవాళ్ళ కోసమే. దాని మీద ఎప్పుడూ కుట్టాల్సిన జాకెట్లే పడుకుంటాయి.

రెండో సంబంధం వచ్చిన రోజు ఆమె పెళ్ళికొడుకు ఎదురుగా కూర్చుని సిగరెట్ ముట్టించింది. దగ్గొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ, వచ్చినవాళ్ళు కాఫీ సగంలో వదిలేసి లేచారు. పాచిక పారింది. ఆ తర్వాత ప్రతి సంబంధానికీ అదే పాచిక. కాకపోతే, ఎవరినో తరమడానికి పట్టుకున్న సిగరెట్ చివరికి ఆమెనే పట్టుకుంది.

పదేళ్ళయ్యాక పొద్దున్నే దగ్గు మొదలైంది. టైలరమ్మ నోట్లో గుండుసూదులు తీసి, "నీ దగ్గు వింటుంటే నా కుట్టు వంకర పోతోంది. మానెయ్ ఇంక" అంది.

"మానేస్తే మళ్ళీ సంబంధాలొస్తాయి."

"రానీ. నన్ను దాచడానికి నీ ఊపిరి తగలేసుకోకు."

న్యాయమైన మాట కాబట్టే ఊపిరి మేడమ్‌కు కోపం వచ్చింది. ఆ కోపంలో ఇంకొకటి కాల్చింది.

ఆదివారం అమ్మా, అన్నయ్యా వచ్చారు. టైలరమ్మ టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది.

"అబ్బాయిది బ్యాంకులో పని," అన్నాడు అన్నయ్య. "సిగరెట్ సంగతి కూడా చెప్పేశాం. ఈ రోజుల్లో అదో పెద్ద విషయమా అన్నాడు. తనూ తాగుతాడట. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి మానేద్దాం అని నవ్వాడు."

ఊపిరి మేడమ్‌కు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళు తన ఊపిరితిత్తులు తనే కాల్చుకుని కట్టిన గోడను ఎవరో మంచివాడు నవ్వుతూ తోసేశాడు. ఇప్పుడు కొత్తగా ఏం నేర్చుకోవాలి? తాగుడా, పేకాటా?

"ఇంకేం వంక పెడతావే?" అంది అమ్మ.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"వంక కాదమ్మా. సిగరెట్ ఇవాళే మానేస్తాను. తనను మాత్రం మానలేను," అని ఆమె వంటగది వైపు చూసింది. "మేం అద్దె కోసం కలిసి ఉండటం లేదు. పెళ్ళయినవాళ్ళు ఎలా ఉంటారో అలా ఉంటున్నాం."

అన్నయ్య ఏమీ వినపడనట్టు చెప్పులేసుకుని బయటికి పోయాడు. అమ్మ లేచి, కిటికీలో ఉన్న సిగరెట్ పెట్టె తీసింది. ఇన్నేళ్ళూ కంటపడ్డప్పుడల్లా చెత్తబుట్టలో విసిరికొట్టిన మనిషి, ఇవాళ దాన్ని తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"పెళ్ళెందుకు కాలేదని అడిగినవాళ్ళందరికీ నువ్వు సిగరెట్ తాగుతావనే చెప్తాను," అంది. "మానకమ్మా. తాగుతూనే ఉండు."